ఆ శనివారం ఏ ఏడాదిది?

ఫిబ్రవరి 18, బుధవారం

ఆపరేషనై రెండు రోజులు. గొంతులోంచి కందిగింజంత గడ్డ తీశారు. రెండు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుసలు అసలే వద్దు, అవి మాటకంటే చెడ్డవట. పాట సంగతి ఏప్రిల్‌లో చూద్దామన్నారు విజయవాడ డాక్టరు. "మునుపటిలాగే వస్తుందా?" అని పలకమీద రాసి చూపిస్తే "చూద్దామమ్మా" అన్నారు. ఒకే పూటలో రెండు చూద్దాంలు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

పలక హరిబాబు కొనుక్కొచ్చారు. "పదహారేళ్ళ కాపురంలో మొదటిసారి నా మాట చివరిదాకా విన్నావు షీబా" అని తెగ సంబరపడ్డారు. జవాబుగా పలకమీద ఏం రాశానో ఇక్కడ రాయను.

ఇవాళ్టితో మా చర్చిలో ఈస్టరు ముందటి శ్రమదినాలు మొదలు. రేపటినుంచి పక్కింటి షాహిదాకి రంజాన్ రోజాలు. మిషను మీద జాకెట్లు కుడుతూనే కిటికీలోంచి అరిచింది: "నేను తినను, నువ్వు మాట్లాడవు. ఈ వీధి బాగుపడిపోతుంది వదినా!"

స్కూల్లో సంగీతం పీరియడ్ల కోసం కొన్న నోటుబుక్కు ఇది. ఎవరితోనూ మాట్లాడలేను కాబట్టి ఇందులో మాట్లాడుకుంటాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

రాబర్ట్‌సన్‌పేటలో ఖలీల్ బాబాయి రేడియో షాపు మూసేస్తున్నాడు. నలభై ఏళ్ళుగా బందరులో మూగబోయిన ప్రతి రేడియో ఆయన బల్లమీదకే వచ్చేది. నన్ను చూసి "నిన్ను మాత్రం నేను బాగుచేయలేనమ్మా" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వకూడదేమో, డాక్టరుని అడగలేదు.

రిపేరుకిచ్చిన టేప్ రికార్డర్లలో మర్చిపోయిన క్యాసెట్లు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. అందులోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "మీ క్రిస్మస్ పాటలమ్మా. ఎక్కడో జనం మధ్యలో పాడింది. ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో గుర్తులేదు. నువ్వు పాటలమ్మాయివి, నీ దగ్గరుండటం న్యాయం."

వినడానికి ఒక టేప్ రికార్డరు కూడా ఇచ్చాడు.

ఫిబ్రవరి 21, శనివారం

ఎవరీమె?

హార్మోనియం, తబలా, ఒక ఆడగొంతు. చిన్నపిల్ల గొంతు కాదు, నలభై దాటి ఉంటాయి. ముందు కూర్చున్న జనం దగ్గులు, పిల్లల ఏడుపులు, కుర్చీలు జరుపుకున్న చప్పుళ్ళు. మధ్యమధ్య ఒక పెద్దమనిషి మైకులో "కంగారు పడకండి" అంటూ ఏవేవో చెప్తున్నాడు. నాలుగో పాట ముందు కరెంటు పోయింది. "కొండలరావుగారూ, మీ డిపార్ట్‌మెంటేనండోయ్!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. రికార్డింగు మాత్రం ఆగలేదు. బ్యాటరీల టేప్ రికార్డరు అయి ఉండాలి.

ఆమె మైకు లేకుండానే పాట ఎత్తుకుంది. దగ్గులు, కుర్చీల చప్పుళ్ళు ఆగిపోయాయి. అంత మందికీ మైకు లేకుండా వినిపించేలా పాడటమంటే ఏమిటో నాకు తెలుసు. రెండో చరణంలో కరెంటు వచ్చింది, చప్పట్లు కొట్టారు. ఆమె పైస్థాయికి వెళ్ళింది, గొంతు ఫట్‌మని విరిగింది.

నేను కళ్ళు మూసుకున్నాను.

ఆమె నవ్వింది! నిండా నవ్వి, మైకులోనే చెప్పింది: "అది నేను కాదండీ, నా గొంతు. ఇంకోసారి, కాస్త కిందనుంచి ఎత్తుకుంటాను." శృతి దించి, అదే చరణం మొదటినుంచి పాడింది. ఎంత బాగా పాడిందంటే, ఆ పాట మొదటినుంచీ అక్కడే ఉండాల్సిందేమో అనిపించింది.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఆ ముక్క పదకొండోసారి విన్నాను. ఊరికే, పరిశీలన కోసం.

ఫిబ్రవరి 24, మంగళవారం

మా చర్చి క్వయిర్‌లో పాడే కృపాకుమారి బత్తాయిలు తీసుకుని వచ్చింది. ఇరవై ఆరేళ్ళు, గంటలాంటి గొంతు. ఈస్టరుకి క్వయిర్‌ని నా బదులు తనే నడిపించాలని పాస్టరుగారు చెప్పారట. "మీరు కోలుకునేదాకేనక్కా" అని రెండుసార్లు అంది. పైస్థాయి దగ్గర ఊపిరి చాలడం లేదంటే, "గాలి ముందే తీసుకో" అని పలకమీద రాసిచ్చాను. నాకు అసూయ లేదు. బత్తాయిలు పులుపు.

సాయంత్రం షాహిదా ఇఫ్తార్‌కి పళ్ళు కోసుకుంటూ మా వంటింట్లోనే కూర్చుంది. టేపు పెట్టాను. ఉన్నట్టుండి కత్తిపీట వదిలేసి లేచింది.

"వదినా, అజాన్!"

అప్పుడే టైమైందా అని బయటికి చెవి ఒగ్గాను. "బయట కాదు, టేపులో!"

వెనక్కి తిప్పి విన్నాం. మూడో పాట అయ్యాక చాలా దూరంగా, సన్నగా, మసీదు నుంచి అజాన్. ఆ వెంటనే పెద్దమనిషి గొంతు: "మన ముస్లిం సోదరులు రోజా విప్పే వేళయింది. అయిదు నిమిషాలు ఆగుదాం. ఖర్జూరాలు ఇటుపక్కకి కూడా పంపండి." జనం నవ్వులు. నేను దీన్ని ఎన్నిసార్లు విన్నానో! ఆవిడ పాడని చోట నా చెవులు పనిచేయలేదన్నమాట.

"క్రిస్మస్సు, రంజాన్ నెలా కలిసొచ్చిన ఏడాది" అంది షాహిదా. "రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది వదినా. నా పెళ్ళికి ముందు, చలికాలంలో ఉపవాసాలున్నాం. నాకు బాగా గుర్తు, పొద్దు తొందరగా గుంకేది, హాయిగా ఉండేది."

ఆమె ఫోనులో వెతికింది, నేను పలకమీద లెక్కవేశాను. క్రిస్మస్ నాడు రోజాలు ఉన్నవి మూడేళ్ళు: 1998, 1999, 2000. అంతకుముందంటే మళ్ళీ అరవైల్లోకి వెళ్ళాలి, అప్పుడు మన ఊళ్ళలో ఈ క్యాసెట్లే లేవు.

మూడింట్లో ఏది? మళ్ళీ విన్నాం. చివర్లో పెద్దమనిషి అంటున్నాడు: "రేపు ఆదివారం ఎటూ ఆరాధనకి గుడికి వస్తారు. ఇవాళ పండగపూట మాత్రం ఎవరూ తొందరగా లేవద్దు."

పండగ శనివారం. 98లో క్రిస్మస్ శుక్రవారం, 2000లో సోమవారం. 99లో శనివారం!

ఇద్దరం వంటింట్లో గెంతులు వేశాం. ఒకరు పొద్దుటినుంచి తినలేదు, ఒకరు వారం నుంచి మాట్లాడలేదు. హరిబాబు ఆఫీసునుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు.

మార్చి 2, సోమవారం

డాక్టరు గొంతు చూశారు. గాయం మానిందట. రేపటినుంచి రోజుకి అయిదు నిమిషాలు, తర్వాత మెల్లగా పెంచుకుంటూ మాట్లాడొచ్చట.

ముందు టేపు పని పూర్తి కానీ. ఇప్పుడు మాటలు మొదలుపెడితే ధ్యాస చెదిరిపోతుంది.

మార్చి 4, బుధవారం

ఖలీల్ బాబాయి టేపుని ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు. వెనకాల గరగర తగ్గించి వింటే ఇంకో మాట దొరికింది. "కంగారు పడకండి. అవతల పెనుమూడి వెళ్ళాల్సినవాళ్ళు లాంచీ వెళ్ళిపోతుందని లేవకండి. లాంచీవాళ్ళతో మాట్లాడాం. ఏడింటిదాకా ఆపుతారు."

పెనుమూడి కృష్ణకి అవతలి ఒడ్డు. ఇవతలి ఒడ్డు పులిగడ్డ. ఇప్పుడు వంతెన మీద అయిదు నిమిషాలు, అప్పట్లో లాంచీయే గతి. కచేరీ పులిగడ్డలో!

హరిబాబు అడిగారు: "డాక్టరు మాట్లాడమన్నారుగా?"

"ఇంకా కొంచెం నొప్పి" అని రాశాను.

నొప్పి లేదు.

మార్చి 7, శనివారం

పొద్దున్నే చల్లపల్లి మీదుగా అవనిగడ్డ బస్సెక్కాం, నేనూ షాహిదా. పులిగడ్డ దాని పక్కనే. ఉపవాసంతో ప్రయాణమెందుకని రాస్తే, "ఇంట్లో ఉంటే మాత్రం తింటానా?" అంది. బస్సులో నేను పలకమీద రాయడం, తను దానికి నాలుగు మాటలు కలిపి గట్టిగా చదవడం. కండక్టరుతో "రెండు అవనిగడ్డ" అనడానికి నా ఆపరేషను కథంతా చెప్పింది.

చల్లపల్లి దాటాక షాహిదా ఫోనులో టేపు పెట్టింది. "కంగారు పడకండి" దగ్గరికి రాగానే ముందు సీట్లో ఆవిడ గిరుక్కున తిరిగింది.

"మా హెడ్మాస్టరుగారి గొంతు కదండీ ఇది!"

"ఎవరండీ?"

"జనార్దనరావుగారండీ. పరీక్ష పేపరిస్తూ కంగారు పడకండి, ఫలితాలు చెప్తూ కంగారు పడకండి. అవనిగడ్డలోనే ఉంటారు. అడ్రసు దేనికి, ఎవర్నడిగినా చూపిస్తారు."

నిజంగానే చూపించారు. ఎనభై ఆరేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో పేపరు చదువుతున్నారు. టేపు వినిపించగానే తన గొంతు తనే గుర్తుపట్టి మురిసిపోయారు. "ఈ చుట్టుపక్కల ఏ మతంవాళ్ళు ఏ సభ పెట్టినా మైకు నా చేతికే ఇచ్చేవారమ్మా. ఎంత చక్కగా ఉండేది నా గొంతు!" అని, తన మాటలొచ్చినప్పుడల్లా మళ్ళీ పెట్టించుకున్నారు. అసలు ఆవిడ పాటని పెట్టనివ్వరే!

"పాడిన ఆవిడెవరండీ?" అని షాహిదా నాలుగోసారి అడిగాక చెప్పారు: "సంతోషమ్మగారు. ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. చేయి వెన్న, నోరు కారం. బాగా పాడేది. తర్వాత గుడివాడ బదిలీ అయింది. ఇది తొంభై ఎనిమిది క్రిస్మస్సు."

షాహిదా నావైపు చూసింది. నేను పలకమీద 1999 అని రాసి చూపించాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, తల అడ్డంగా ఊపారు. "కాదమ్మా. తొంభై ఎనిమిది. నేను రిటైరైన ఏడాది. రిటైరయ్యాక నా మొదటి సభ."

నేను 99 కింద గీత గీశాను.

"నువ్వు గీతలు గీస్తే సంవత్సరం మారదు. సభ నడిపినవాణ్ణి నేను. అప్పటికి నువ్వింకా కాలేజీ కూడా దాటి ఉండవు. తొంభై ఎనిమిది."

రెండు గీతలు గీశాను. సుద్దముక్క విరిగింది.

"పంతమేమిటమ్మా? తొంభై ఎనిమిదే అంటుంటే!"

"తొంభై ఎనిమిదిలో క్రిస్మస్ శుక్రవారమండీ! రేపు ఆదివారమని మైకులో చెప్పింది మీరే కదా!"

ఎవరో అరిచారనుకున్నాను. నేనే.

షాహిదా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్ళమ్మట నీళ్ళు. నా గొంతు కాదది. బరువుగా, బొంగురుగా, బస్టాండులో మైకులో బస్సుల పేర్లు చదివే ఆయన గొంతులా ఉంది. వెంటనే నోరు మూసేసుకున్నాను.

పాపం మాస్టారికి ఇదేమీ తెలియదు. అప్పటిదాకా మూగదాన్ననే అనుకున్నారేమో, నన్నూ పలకనీ మార్చిమార్చి చూశారు. తర్వాత వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుని, "శనివారం అంటే... అవును, అయితే అది రెండో సభ అయి ఉంటుంది. కంగారు పడకమ్మా, తొంభై తొమ్మిదే" అన్నారు.

తిరుగు బస్సులో షాహిదా "ఇంకొక్క మాట వదినా, ఒక్కటే" అని బతిమాలింది. నేను కిటికీలోంచి మినపచేలు చూస్తూ కూర్చున్నాను.

మార్చి 8, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. తలనొప్పి.

మార్చి 11, బుధవారం

స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నా పేరు పలికి చూసుకున్నాను. మొన్నటి గొంతే.

మార్చి 15, ఆదివారం

ఆ గొంతుతోనే హరిబాబుని కాఫీ కావాలా అని అడిగాను. ఆయన పేపరు పక్కన పెట్టి, "కావాలి" అన్నారు. గ్లాసు ఖాళీ చేసి, "ఇంకోసారి అడుగు" అన్నారు. అడిగాను. రెండు కాఫీలు తాగారు.

క్వయిర్‌లో పాడే గొంతు కాదిది. ఆ విషయం నాకు స్పష్టంగా తెలుసు. బాధ లేదు.

మార్చి 17, మంగళవారం

గుడివాడలో సంతోషమ్మగారిని ఎలా పట్టుకోవాలో తోచక కృపాకుమారికి మెసేజ్ పెట్టాను. వాళ్ళ పిన్ని గుడివాడలో నర్సుగా చేసిందని గుర్తొచ్చి. పది నిమిషాల్లో ఫోన్ నంబరు, వీధి, ఇంటి గుర్తులతో సహా పంపింది. కింద రాసింది: "మీరు చెప్పినట్టు గాలి ముందే తీసుకుంటున్నానక్కా. వస్తోంది."

మంచిపిల్ల. ఇదివరకు కూడా నేనెప్పుడూ కాదనలేదు.

మార్చి 24, మంగళవారం

పండగ హడావుడి తగ్గాక షాహిదాకి తీరిక దొరికింది. రంజాన్‌కి మిగిలిన సేమ్యా, ఖర్జూరాలు డబ్బాలో పెట్టుకుని, టేప్ రికార్డరు ఒళ్ళో పెట్టుకుని గుడివాడ వెళ్ళాం.

మేడమీద రెండు గదుల వాటా. డెబ్బై మూడేళ్ళావిడ, నిటారుగా నిలబడి తలుపు తీసింది. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నా మెడవైపు ఒక్క చూపు చూసి, "గొంతు ఆపరేషనా? ఎన్నాళ్ళయింది?" అంది. నర్సు నర్సే.

క్యాసెట్టు పెట్టాను. తన గొంతు వినగానే ముఖం చిట్లించింది. "అబ్బ, ఎంత సాగదీశానో!" తర్వాత కరెంటు పోయింది, కొండలరావుగారూ అని కేక వినపడింది. ఆవిడ చేయి నా మోకాలిమీద పడింది. రెండో చరణం, చప్పట్లు, పైస్థాయి, గొంతు విరగడం.

"మళ్ళీ పెట్టమ్మా."

పెట్టాను. మళ్ళీ పెట్టమంది. మూడోసారి నేనే ఉండబట్టలేక అడిగాను, ఆ బొంగురు గొంతుతోనే: "అంతమందిలో గొంతు పోతే మీకు భయం వేయలేదాండీ?"

"గొంతు సంగతి ఎవరిక్కావాలి? తబలా విను."

విన్నాను. కరెంటు పోయినప్పుడు ఆగిన తబలా, పాట మధ్యలో ఒక్క దెబ్బతో వచ్చి కలిసింది. ముందూ కాదు, వెనకా కాదు, సరిగ్గా పడాల్సిన చోట. ఆ దెబ్బ పడ్డ మరుక్షణమే గొంతు విరిగింది. ఇన్నిసార్లు విన్నాను, నాకు ఒక్కసారి కూడా వినపడలేదు.

"కొండలరావు కరెంటాఫీసులో లైన్‌మేన్. తబలా ఆయన సరదా. కరెంటు పోగానే తబలా వదిలేసి, వెళ్ళి స్తంభం ఎక్కాడు. ఫ్యూజు వేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి కూర్చుని, నావైపు చూడనైనా చూడకుండా అలా పాటలో పడ్డాడు. నేను చూశాను. చూసేసరికి..." అని ఆగి నవ్వింది. అదే నవ్వు. టేపులో నవ్వు. "నాకప్పుడు నలభై ఏడు. ఆయనకి యాభై. మా పెళ్ళి ఊసు ఎత్తడం అందరూ మానేసిన వయసు. మరుసటేడు చేసుకున్నాం."

గోడమీద ఫొటోలో ఉన్నాయన రెండేళ్ళ కిందట పోయారట. బట్టతల, పెద్ద చెవులు, ఏదో నవ్వాపుకుంటున్నట్టు ముఖం.

"ఇది తొంభై ఎనిమిది క్రిస్మస్సు" అంది సంతోషమ్మగారు.

నేనూ షాహిదా ముఖాలు చూసుకున్నాం.

"తొంభై తొమ్మిదండీ" అని షాహిదా మెల్లగా, రోజాలు, శనివారం, లెక్కంతా చెప్పింది. సంతోషమ్మగారు వింటూ వింటూ నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలింది.

"మరి ఆయనే కరెక్టా?"

ఇరవై మూడేళ్ళపాటు ప్రతి క్రిస్మస్‌కీ ఇదే పోట్లాటట. ఆయన తొంభై తొమ్మిదనేవాడు, ఈవిడ తొంభై ఎనిమిదనేది. చివరికి ప్రతిసారీ ఆయనే "సరేలే, నువ్వన్నదే" అని తబలా ముందుకు లాక్కునేవాడట. "ఒక్కసారీ గట్టిగా నిలబడలేదమ్మా. నిజం తనవైపు పెట్టుకుని!"

కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ నవ్వింది. తర్వాత నావైపు తిరిగి, ఆస్పత్రి గొంతుతో అడిగింది:

"డాక్టరు మాట్లాడమన్నాడా?"

"అన్నారండీ."

"ఎప్పుడు?"

"మూడు వారాలైంది."

"మరి మాట్లాడవేం?"

పలక సంచీలో ఉంది. తీయబుద్ధి కాలేదు. "పాత గొంతు రాలేదండీ" అన్నాను. ఎవరితోనూ అనలేదు ఈ మాట. ఇందులో కూడా రాయలేదు.

"రాకపోతే? ఉన్నదానికేం? బాగుంది, మెత్తగా. కాస్త కిందనుంచి ఎత్తుకో."

షాహిదా నా తరఫున ఏదో చెప్పబోయి, మానేసింది.

క్యాసెట్టు ఆవిడకే ఇచ్చేశాను. నా దగ్గర ఫోనులో ఉందిగా. పైన రాసిపెట్టమని పెన్ను తెచ్చిచ్చి, ఆవిడే చెప్పింది: "పులిగడ్డ. 25-12-1999, శనివారం. తబలా, కొండలరావు."

"గాత్రం?"

"చోటుంటే రాయి."

ఏప్రిల్ 1, బుధవారం

క్వయిర్ ప్రాక్టీసుకి వెళ్ళాను. వెనక వరసలో, కింద శృతివాళ్ళ పక్కన నిలబడ్డాను. పాడుతున్న గంటసేపూ పాటల పుస్తకంలోంచి తలెత్తలేదు. కృపాకుమారి చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. అయ్యాక వచ్చి, "అక్కా, కింద గొంతు ఇన్నాళ్ళూ మనకి లేదు. ఇప్పుడు పాట నిలబడింది" అంది. పొగడ్త కాదు. పాట నిజంగానే నిలబడింది, నాకూ వినపడింది.

ఏప్రిల్ 5, ఈస్టర్

పాడాను.

ఏప్రిల్ 6, సోమవారం

సంతోషమ్మగారు ఫోను చేసింది. ముప్పావుగంట మాట్లాడుకున్నాం. గొంతు నొప్పి లేదు.

ఆవిడకిప్పుడు ఇంకో గొడవ గుర్తొచ్చిందట. ఆ రోజు స్తంభం ఎక్కి దిగినప్పుడు ఆయన వేసుకున్నది నీలం చొక్కా అని ఈవిడ, తెల్లదని ఆయన. దీనికి టేపు పనికిరాదండీ అన్నాను. జనార్దనరావుగారి దగ్గర సభల ఫొటోలుంటాయేమో, గురువారం అవనిగడ్డ వెళ్దాం, షాహిదాని కూడా రమ్మను, అంది.

"ఇందులో కూడా ఆయనే గెలిస్తే?" అన్నాను.

"గెలవనీ షీబా" అంది. "గెలవనీ."